కిటికీలో కనబడిన పాదములు

మన పల్లెలలో ఆరాధన జరుగుచున్నప్పుడు మందిరపు గడప వెలుపల విడిచిన చెప్పుల వరుసను చూచి, లోపల ఎవరెవరు కూర్చున్నారో లెక్క తప్పక చెప్పగల పెద్దలు ఉందురు. ఈ కిఱ్ఱుచెప్పులు పెద్దరైతువి. ఈ నల్లని బూట్లు పట్టణమునుండి సెలవుకు వచ్చిన ఉపాధ్యాయునివి. ఈ టైరు చెప్పులు కూలికి పోవువానివి. మడమ అరిగి ప్రక్కకు ఒరిగిన ఈ రబ్బరు చెప్పులు ఫలాని విధవరాలివి. లోపలికి తొంగి చూడకయే సంఘపు హాజరుపట్టీ సిద్ధమగును. అయితే చెప్పులే లేక వచ్చినవారు ఆ పట్టీలోనికి ఎక్కరు. ఈ చిన్న అలవాటు దోషమని నేను చెప్పను. కాని మనిషిని అతని కాళ్లనుబట్టి గుర్తించుటయు, ఆ మనిషిని ఎరుగుటయు ఒక్కటేనా? సుమారు 140 సంవత్సరముల క్రిందట వ్రాయబడిన ఒక చిన్నకథ ఈ ప్రశ్నను చాల నెమ్మదిగా, ఎవరిని నొప్పింపక అడుగుచున్నది.

రష్యా దేశపు గొప్ప రచయితయైన లియో టాల్‌స్టాయి 1885లో ప్రకటించిన ఆ కథ పేరు "ప్రేమ ఎక్కడనో దేవుడక్కడ" అని. మనలో కొందరు దీనిని క్రిస్మస్ నాటికగా చూచియుందురు. నిజమునకు టాల్‌స్టాయి కథలో క్రిస్మస్ మాట లేదు. దీనికి మూలమైన కథను వ్రాసినవాడు ఫ్రాన్సు దేశపు బాప్తిస్టు బోధకుడైన రూబెన్ సయాన్స్. క్రిస్మస్ పండుగ ఆయన కథలోనిది. రచయిత పేరు లేకుండ రష్యను భాషలో అచ్చుపడిన ఆ కథను టాల్‌స్టాయి చదివి, తన దేశపు మనుష్యులతో, తన దేశపు మంచుతో తిరిగి వ్రాసెను. పల్లెటూరి రైతులు కొనగలుగునట్లు అతి స్వల్పమైన వెలకు అమ్మిన చిన్న పుస్తకములలో ఇది ఒకటి. టాల్‌స్టాయి ఉపదేశమంతయు మనకు అంగీకారము కాదు. ప్రభువు దైవత్వమును, ఆయన అద్భుతములను అతడు ఒప్పుకొనలేదు. 1901లో అతని దేశపు సంఘము అతనిని వెలివేసెను. అయినను ఒక కాపరి వ్రాసిన కథను చేతపట్టుకొని సువార్తకు ఇంత దగ్గరగా నడిచి వచ్చినవాని మాట వినకపోయినయెడల నష్టము మనదే.

మార్టిన్ అవ్దేయిచ్ ఒక పట్టణములో బూట్లు కుట్టి జీవించువాడు. అతని కాపురము ఒక ఇంటి అడుగున, నేలమాళిగలో, ఒక్క గది. ఆ గదికి ఒక్కటే కిటికీ. గది వీధికంటె పల్లమున ఉన్నందున ఆ కిటికీలోనుండి నడుచువారి పాదములే గాని మొగములు కనబడవు. అయినను మార్టిన్ బూట్లను చూచి మనుష్యులను పోల్చుకొనును. ఏలయనగా ఆ చుట్టుప్రక్కల ఒకటి రెండు మారులైనను అతని చేతిలోనికి రాని జోడు లేదు. ఒకదానికి అట్ట మార్చియుండెను, ఒకదానికి మాసిక వేసియుండెను, ఒకదానికి ఊడిన కుట్టు తిరిగి కుట్టియుండెను. పని నమ్మకముగా చేయును, మంచి తోలు వాడును, అధికముగా పుచ్చుకొనడు. చెప్పిన దినమునకు పని కాదని తోచినయెడల ముందుగానే కాదని చెప్పును. కాబట్టి అతనికి పనికి కొదువ లేదు. కిటికీలో చూచినప్పుడెల్ల అతనికి కనబడునది చాలవరకు తన చేతిపనియే.

ఇక్కడ కొంచెము ఆగవలెను. ఈ అలవాటు పైకి కనబడినంత చిన్నది కాదు. మార్టిన్ వీధిని చూచుచున్నాననుకొనుచున్నాడు. అతడు చూచుచున్నది తన కుట్టును. దారిని పోవు ప్రతి మనిషియు అతనికి తన ఆరె దిగిన తోలుముక్కగా కనబడుచున్నాడు. మనమందరమును ఇట్టి కిటికీ ఒకటి పెట్టుకొనియే కూర్చున్నాము. వడ్డీకిచ్చువాడు వీధిలో పోవువారిని చూచినప్పుడు అతనికి నోట్లు, గడువులు కనబడును. పంచాయతీ ఎన్నికలలో నిలిచినవానికి ఓట్లు కనబడును. సంబంధములు చూచువానికి కులము, కట్నము కనబడును. కాపరియైనవానికి సయితము ఈ పీడ తప్పదు: వీరు క్రమముగా కానుక ఇచ్చువారు, వీరు మూడు ఆదివారములు మందిరమునకు రానివారు అని మనుష్యులు అతని కంటికి పట్టీలోని పేర్లుగా దిగుదురు. ఎవరి చేతిలోనుండి ఏది పోవుచున్నదో అదియే వారికి కనబడును. ఇందులో ద్వేషము లేదు, దురుద్దేశము లేదు. మార్టిన్ వంటి నెమ్మదిపరుడు, నిజాయితీపరుడు సయితము అట్లే చూచుచుండెను గదా.

అతని గతము దుఃఖకరమైనది. భార్య మూడేండ్ల కుమారుని విడిచి చనిపోయెను. అంతకుముందు పుట్టిన బిడ్డలు ఒక్కరును మిగులలేదు. ఆ ఒక్క కుమారుడు కపితోను ఎదిగి, తండ్రి పనిలో చెయ్యివేయు వయస్సు రాగానే, వారము దినములు జ్వరముతో కాలి అతడును పోయెను. మార్టిన్ దేవునిమీద సణుగుకొనెను. ముసలివాడనైన నన్ను విడిచి నా కొడుకును తీసికొనిపోయితివే అని నిందించి, గుడికి పోవుట మానెను. బిడ్డలను మట్టికి అప్పగించినవారు మన సంఘములలో కొద్దిమంది కారు. ఆ సణుగుడును వారే ఎరుగుదురు. తరువాత అతని స్వగ్రామపు వృద్ధుడు ఒకడు, యాత్రలు చేయుచు తిరుగువాడు, వచ్చి మాటలాడెను. నీకొరకు నీవు బ్రదుకగోరితివి కాబట్టి నిరాశపడితివి, దేవునికొరకు బ్రదుకుమని చెప్పి, సువార్తలు కొని చదువుకొమ్మనెను. మార్టిన్ పెద్ద అక్షరముల పుస్తకము ఒకటి కొనెను. మొదట పండుగ దినములలో మాత్రమే చదువవలెనని అతని ఉద్దేశము. చదువ మొదలుపెట్టిన పిమ్మట దీపములో కిరసనాయిలు అయిపోవువరకు ప్రతి రాత్రియు చదువసాగెను.

ఒక రాత్రి లూకా సువార్త చదువుచు ఏడవ అధ్యాయమునకు వచ్చెను. సీమోను అను పరిసయ్యుడు ప్రభువును భోజనమునకు పిలిచెను. పాపాత్మురాలని ఊరివారు పిలిచిన స్త్రీ వెనుకతట్టున నిలిచి ఆయన పాదములను కన్నీళ్లతో తడిపి, తలవెండ్రుకలతో తుడిచి, అత్తరు పూసెను. పిలిచిన గృహస్థుడు పాదములకు నీళ్లయినను ఇయ్యలేదని ప్రభువు అతనికి జ్ఞాపకము చేసెను. మార్టిన్ కండ్లద్దములు తీసి పుస్తకముమీద పెట్టి, ఆ పరిసయ్యుడు నావంటివాడే అయియుండును, తన సుఖము తాను చూచుకొని అతిథిని మరచినాడని ఆలోచించెను. సువార్తలో ఇన్ని అధ్యాయములుండగా టాల్‌స్టాయి ఈ అధ్యాయమును ఊరక ఏరుకొనలేదు. దినమంతయు పాదములనే చూచువాని యెదుట పాదములను గూర్చిన వాక్యమును తెచ్చి పెట్టెను. సీమోను అతిథి మొగము చూచెను గాని పాదములను మరచెను. మార్టిన్ పాదములు చూచుచుండెను గాని మొగములు ఎరుగడు. ఇద్దరిదియు సగము చూపే. ఆ స్త్రీ మాత్రము పాదములయొద్ద ఏడ్చి, ఆ పాదములు ఎవరివో తెలిసికొనినది.

ఆలోచించుచు మార్టిన్ కునికెను. అప్పుడు ఎవరో అతని పేరు పెట్టి పిలిచి, రేపు వీధివైపు చూడుము, నేను వచ్చెదనని చెప్పినట్లు వినబడెను. ఈ పిలుపులో నాకు మిక్కిలి ప్రియమైన సంగతి ఒకటి కలదు. పని మానుమని గాని, యాత్రకు పొమ్మని గాని, ఉపవాసముండుమని గాని ఆ స్వరము చెప్పలేదు. ఏండ్ల తరబడి దినమంతయు చేయుచున్న పనినే, అనగా కిటికీలోనుండి వీధిని చూచుటనే, చేయుమనెను. ప్రభువు వచ్చుటకు అతని పాత అలవాటునే త్రోవగా తీసికొనెను.

మరునాడు తెల్లవారకముందే మార్టిన్ లేచి ప్రార్థన చేసికొని, పొయ్యి రాజవేసి, కాబేజీ పులుసును జావను పొయ్యిమీదికెక్కించి, తేనీటి నీళ్లు కాగు సమోవారును సిద్ధముచేసి, కిటికీయొద్ద పనికి కూర్చుండెను. ఆ దినము కుట్టుటకంటె చూచుటే ఎక్కువాయెను. తాను ఎరుగని బూట్లు కనబడినప్పుడెల్ల వంగి, మెడ పైకెత్తి, పాదములను మాత్రమే గాక ఆ మనిషి మొగమును కూడ చూచుచుండెను. కథ అంతటిలో ఇంత చిన్న సంగతి మరియొకటి లేదు. దీనికంటె పెద్దది కూడ నాకు కనబడలేదు. తన కుట్టు ఉన్న బూట్లకు అతడు వంగుట లేదు, అవి తెలిసినవే. తన కుట్టు లేని బూట్లు వచ్చినప్పుడే వంగవలసివచ్చినది. అనగా తన లెక్కలో లేని మనిషి వచ్చినప్పుడే మొగము చూడవలెనన్న తలంపు కలిగినది. పైనున్నవాని మొగము చూడగోరిన క్రిందివాడు ఇంకను క్రిందికి వంగవలసివచ్చుట నేలమాళిగలోని వింత. మేడమీద కూర్చున్నవానికి ఈ అవసరము రాదు. అతనికి అందరి నడినెత్తులును ఒక్కసారిగా కనబడును.

మొదట ఇంటి కాపలావాడు క్రొత్త ఉన్నిబూట్లతో పోయెను. నీళ్లు మోయువాడు పోయెను. తరువాత పాతబడి, తోలు అతుకులు వేసిన ఉన్నిబూట్లు కిటికీయెదుట ఆగెను. అవి స్తెపానిచ్ అను ముసలి సిపాయివని మార్టిన్ వెంటనే గుర్తుపట్టెను. పొరుగు వర్తకుడొకడు దయతలచి అతనిని ఇంటిలో ఉంచుకొనెను. ఇంటి కాపలావానికి సహాయము చేయుట అతని పని. పార చేతపట్టి మంచు తీయుచుండెను. మార్టిన్ తనలో తాను నవ్వుకొనెను: ముసలితనమున నాకు మతి తప్పుచున్నది, స్తెపానిచ్ మంచు తీయ వచ్చినయెడల క్రీస్తే వచ్చెననుకొంటిని! ఇట్లు తలంచి మరల కుట్టుటకు మొదలుపెట్టెను. పది పండ్రెండు కుట్లు వేసిన తరువాత చూపు ఆగక మరల చూచెను. స్తెపానిచ్ పారను గోడకు ఆనించి నిలిచియుండెను. చలి కాచుకొనుచున్నాడో, అలసి నిలిచినాడో. ముసలివాడు, మంచు ఎత్తు శక్తి అతనికి లేదు. సమోవారు మరుగుచున్నది గదా, తేనీరు ఇత్తునా అనుకొని, మార్టిన్ ఆరెను ప్రక్కన పెట్టి కిటికీ అద్దముమీద తట్టెను.

ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. దీనులకు మేలు చేయుడని చెప్పునప్పుడు మన బోధకులు తరచుగా ఒక మాట అందురు: నీ వాకిట నిలిచిన బిచ్చగాడు మారువేషములో వచ్చిన క్రీస్తే కావచ్చును, కాబట్టి తిప్పి పంపవద్దు. మంచి తలంపుతోనే ఈ మాట అందురు. కాని ఆలోచించి చూడుడి. క్రీస్తు కావచ్చునని నేను అన్నము పెట్టినయెడల, ఆ బిచ్చగానికి నేను పెట్టినది ఏమి? అతని ఆకలి నా కంటబడలేదు. అతడు నాకు తెర, ముసుగు. ఆ ముసుగు వెనుకనున్న గొప్ప అతిథిని తప్పిపోనియ్యరాదన్న జాగ్రత్తయే నాది. ఇతడు క్రీస్తు కాడు, మీ ఊరి పోలయ్యే అని ఎవరైన నిశ్చయముగా చెప్పినయెడల నా గిన్నె వెనుకకు పోవునా? అట్లు పోయినయెడల అది ప్రేమ అనిపించుకొనదు. పొలములో లంకెబిందెలు ఉన్నవేమోనని త్రవ్వువాడు ఆ పొలమును దున్నినవాడు కాడు.

మార్టిన్ చేసినదానిని ఇప్పుడు తిరిగి చూడుడి. స్తెపానిచ్ క్రీస్తు కాడని తేల్చుకొని, తన్ను తాను ఎగతాళి చేసికొని, ఆ తరువాతనే అతనిని లోపలికి పిలిచెను. తేనీరు త్రాగినవాడు స్తెపానిచ్. మార్టిన్ చూచినది ఆ ముసలివాని అలసిన నడుమును. ప్రభువు మత్తయి సువార్త 25వ అధ్యాయములో చెప్పిన తీర్పు దినమున కుడివైపున నిలిచినవారు కూడ ఆశ్చర్యపడి, నిన్ను మేము ఎప్పుడు ఆకలిగొన్నవానిగా చూచితిమని అడుగుదురు. వారికి నిజముగా తెలియదు. తెలిసి చేసినవారైనయెడల ఆ ప్రశ్న వారి నోట వచ్చెడిది కాదు. ఆ తెలియమియే వారు చేసినదానికి సాక్ష్యము.

అయితే, ఎదురుచూచుట వ్యర్థమా? వ్యర్థము కాదు. ఆ రాత్రి వాగ్దానము లేనియెడల మార్టిన్ ఆ అతుకుల బూట్లను చూచి, స్తెపానిచ్ అని గుర్తుపట్టి, తల వంచి కుట్టుకొనుచుండెడివాడు. పండ్రెండు కుట్ల తరువాత రెండవ మారు కన్నెత్తించినది ఆ ఎదురుచూపే. ప్రభువుకొరకైన నిరీక్షణ కన్నులను మేల్కొలిపినది. మేల్కొన్న కన్నులకు కనబడినది మాత్రము స్తెపానిచ్. ఒకటి లేక రెండవది ఉండలేదు. నిరీక్షణ లేని దయ త్వరగా అలసిపోవును. దయలేని నిరీక్షణ ఆకాశమువైపు చూచుచు గుమ్మములోని మనిషిని తొక్కుకొనిపోవును. ఈ రెండవ తరగతివారిని నేను చాలమందిని చూచితిని. వారు తరచుగా ముందు వరుసలోనే కూర్చుందురు.

స్తెపానిచ్ పోయిన తరువాత సిపాయిలిద్దరు నడచిపోయిరి, ఒకడు సర్కారు బూట్లతో, ఒకడు స్వంత బూట్లతో. పొరుగింటి యజమాని తళతళలాడు తొడుగుబూట్లతో పోయెను. రొట్టెలవాడు గంపతో పోయెను. ఎవరును ఆగలేదు. పిమ్మట ఉన్ని మేజోళ్లతో, పల్లెవారు కుట్టిన జోళ్లతో ఒక స్త్రీ వచ్చి, కిటికీ దాటి గోడప్రక్కన నిలిచెను. మార్టిన్ వంగి చూచెను. తెలియని మనిషి, చంకలో పసిబిడ్డ. గాలికి వీపు త్రిప్పి, చుట్టుటకు ఏమియు లేకయే బిడ్డను చుట్టుచున్నది. చలికాలమున వేసవి బట్టలు. భర్త సిపాయి, ఎనిమిది నెలలనుండి ఎక్కడికి పంపిరో తెలియదు, కప్పుకొను శాలువను ముందటి దినమే తాకట్టు పెట్టినది. మార్టిన్ ఆమెకు పొయ్యిదగ్గర చోటిచ్చి, పులుసును రొట్టెను పెట్టి, ఆమె తినుచుండగా బిడ్డను ఆడించుటకు ప్రయత్నించెను. నోటిదగ్గరకు వ్రేలు పోనిచ్చి వెనుకకు తీసికొనుచుండెను, నోటిలో పెట్టనియ్యలేదు. వ్రేలంతయు కుట్టుమైనముతో నల్లగా ఉండెను గదా. బిడ్డ ఆ వ్రేలినే చూచి చూచి నవ్వెను. తన బిడ్డలందరిని పోగొట్టుకొన్న తండ్రి చేయి అది. టాల్‌స్టాయి ఈ చోట కపితోను పేరు ఎత్తలేదు, ఎత్తవలసిన పని లేదు. పోవునప్పుడు ఒక పాతకోటును, శాలువను విడిపించుకొనుటకు డబ్బును ఇచ్చి పంపెను.

మూడవ మారు ఏమి జరిగెనో చూడుడి. ఆపిలు పండ్లు అమ్ము ముసలామె కిటికీయెదుటనే ఆగి, భుజముమీది చెక్కపేళ్ల సంచిని దించి సర్దుకొనుచుండగా, చిరిగిన టోపీ పెట్టుకొన్న ఒక పిల్లవాడు పండు లాగుకొని పారిపోబోయెను. ఆమె వాని జుట్టు పట్టుకొనెను. మార్టిన్ ఆరెను క్రింద పడవేసి, మెట్లమీద తడబడి, కండ్లద్దములు జారిపోయినను ఆగక వీధిలోనికి పరుగెత్తెను. పోలీసు ఠాణాకు ఈడ్చుకొనిపోవుదునన్న ఆమెను బ్రతిమాలి విడిపించెను, పిల్లవానిచేత క్షమాపణ చెప్పించెను, వెల తాను ఇచ్చెదనని చెప్పి ఒక పండు వాని చేతిలో పెట్టెను. ఇట్లు చేసి పిల్లలను చెరుపుచున్నావని ఆమె అనగా, గొప్ప అప్పు క్షమింపబడిన దాసుని ఉపమానమును ఆమెకు చెప్పెను. చివరకు ఆ పిల్లవాడే సంచి మోసికొని ఆమె ప్రక్కన నడచిపోయెను. పండు వెల అడుగుట ఆమె మరచెను.

స్తెపానిచ్‌కొరకు మార్టిన్ కిటికీ తట్టెను. ఆ తల్లికొరకు తలుపు తీసి మెట్లెక్కి పిలిచెను. వీరికొరకు వీధిలోనికే పరుగెత్తెను. ముసలి సిపాయి బూట్లను రచయిత వర్ణించెను, ఆ తల్లి జోళ్లను వర్ణించెను. ముసలామె కాళ్లకు ఏమున్నదో, పిల్లవాని కాళ్లకు ఏమున్నదో చెప్పనేలేదు. ఏండ్ల తరబడి బూట్లు చూచిన కన్ను ఆ సాయంకాలము బూట్లు చూచుట మరచినది. అద్దములు మెట్లమీద పడియుండగా మార్టిన్‌కు అన్నిటికంటె స్పష్టముగా కనబడినవారు ఈ ఇద్దరే.

మరియొక సంగతి. మంచి బూట్లు తొడిగినవారందరును ఆ కిటికీని దాటిపోయిరి. ఆగినవి అతుకుల బూట్లు, పల్లెజోళ్లు. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవానిని పాదపీఠమునకు దిగువన కూర్చుండుమను సంఘమును గద్దించెను. ఆ సంఘము ఎక్కడిదో వెదకుటకు దూరము పోనక్కరలేదు. బూట్లు తొడిగిన అతిథి వచ్చినప్పుడు కుర్చీ ఎంత త్వరగా వచ్చునో, చెప్పులు లేని కాళ్లు వచ్చినప్పుడు చాప ఎంత నెమ్మదిగా పరచుకొనునో మన మందిరములలో చూచినవారికి తెలియును.

మనకిది మరింత సిగ్గుచేటు. ఈ కథానాయకుడు తోలు కుట్టువాడగుట తెలుగు సంఘమునకు పొరుగుదేశపు వార్త కాదు. 1866లో బాప్తిస్మము పొంది ఒంగోలు ప్రాంతమున సువార్తను ఊరూర మోసిన యెర్రగుంట్ల పేరయ్య తోలుపని చేయు కులములో పుట్టినవాడు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు దగ్గర వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో పెద్దభాగము ఆ కులమువారే. ఊరందరికి చెప్పులు కుట్టినవారు తాము చెప్పులు తొడిగి ఊరి వీధిలో నడువరాదని, విప్పి చేతపట్టుకొని నడువవలెనని నిర్బంధించిన గ్రామములు మన దేశమున ఎన్నియో ఉండెను. కాళ్లను చూచి మనిషికి వెల కట్టుట ఎట్లుండునో మన తాతముత్తాతలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. అట్టివారి మనుమలమైన మనము గడపదగ్గర చెప్పులు లెక్కపెట్టుచు నిలిచినయెడల, ప్రభువు పస్కా రాత్రి నడుమునకు తువాలు కట్టుకొని వంగినది ఎవరికొరకు? ఆ రాత్రి ఆయన పండ్రెండుమంది పాదములు చూచెను, వాటిలో యూదా పాదములు ఉండెను. నేలమీద పళ్లెముదగ్గర కూర్చున్న ఆయన, పేతురుతో మాటలాడుటకు తల పైకెత్తియుండును. మార్టిన్ కిటికీయొద్ద వంగి మెడ ఎత్తినప్పుడు నాకు జ్ఞాపకము వచ్చునది అదియే.

ఆ రాత్రి మార్టిన్ సువార్త తెరచునప్పుడు గుర్తు పెట్టిన చోట గాక మరియొక చోట పుస్తకము తెరచుకొనెను. అంతలో వెనుక ఎవరో కదలుచున్నట్లు అడుగుల చప్పుడు వినబడెను. మొదట వినబడినవి పాదములే. అతడు తిరిగి చూడగా చీకటి మూలలో ఎవరో నిలిచియున్నట్లుండెను గాని, ఎవరో తెలియలేదు. అప్పుడు ఒకరి తరువాత ఒకరుగా వెలుగులోనికి వచ్చిరి: స్తెపానిచ్ చిరునవ్వుతో, ఆ స్త్రీ బిడ్డతో, పండు పట్టుకొన్న పిల్లవాడు ముసలామెతో. ఈసారి అతడు వంగనక్కరలేకపోయెను. వారు మొగములతో వచ్చిరి. మేఘములు గాని సింహాసనము గాని కనబడలేదు. తెరచియున్న పుట మత్తయి 25వ అధ్యాయము.

కొందరు ఒక ఆక్షేపణ చేయుదురు. దినమంతయు కిటికీలోనుండి చూచుచు కూర్చున్నయెడల పని ఎవరు చేయుదురు, కుటుంబము ఎట్లు గడచునని. వ్యవసాయము చేసికొనువారు ఈ ప్రశ్న అడుగుట న్యాయమే. భక్తిపేర పని మానువారిని పౌలు మెచ్చుకొనలేదు. టాల్‌స్టాయికి ఈ ప్రశ్న తెలియనిది కాదు. ముసలామెయు పిల్లవాడును పోయిన పిమ్మట మార్టిన్ మెట్లమీద పడిన కండ్లద్దములను ఏరుకొనెను. అవి పగులలేదు. మరల ఆరె పట్టి కొంతసేపు కుట్టెను. కన్ను ఆనకపోయెను, వీధి దీపములు వెలిగించువాడు కిటికీ ముందునుండి పోవుట చూచి, తన దీపమును వెలిగించుకొనెను. ఒక బూటు పూర్తి చేసి, చేతిలో అటు ఇటు త్రిప్పి చూచెను. బాగుగానే కుదిరినది. తోలుముక్కలు ఊడ్చి, దారములను ఆరెలను సర్దిపెట్టి, దీపమును దించి బల్లమీద ఉంచెను. అటుపిమ్మటనే అలమరలోని పుస్తకమును తీసెను.